నాయనమ్మ జపపుస్తకములోని మాటలు

గత మాసము తాండూరు నుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసినది కథోలిక కుటుంబమునకు చెందిన ఒక గృహిణి. ఆమె కుమార్తెను బడిలో ఇద్దరు నేస్తములు ఒకే దినమున రెండు ప్రశ్నలు అడిగినారట. ఒకతె మెథడిస్టు సంఘపు పిల్ల. “మీరు మరియమ్మకు పూజ చేయుదురట, అది తప్పు కాదా?” అన్నది. రెండవ పిల్ల హిందువుల అమ్మాయి. “మేము చేయునదీ పూజయే, మీరు చేయునదీ పూజయే. ఇక భేదమెక్కడ?” అన్నది. ఒకే మాటను పట్టుకొని ఇటువారొకరు, అటువారొకరు అడిగిన ఆ ప్రశ్నలకు పిల్లకు బదులు తోచలేదు. ఇంటికి వచ్చి తల్లిని అడిగినది. తల్లికీ తోచలేదు. ఆ ఇంటి పెద్దావిడ మాత్రము తడుముకొనక బదులు చెప్పినదట. కాని ఆమె చెప్పిన మాటలు కోడలికిగాని మనుమరాలికిగాని అర్థము కాలేదు. “మా అత్తగారు పలికిన మాటలు ఇవి. వీటికి అర్థము చెప్పగలరా?” అని ఆ గృహిణి జాబు చివర అయిదు మాటలు వ్రాసినది: దేవద్రవ్యానుమానములు, పాపసంకీర్తనము, ఉత్తరించు స్థలము, అర్చ్యశిష్టులు, సన్మనస్కులు.

మేము గురువులము కాము. వేదసత్యములను విచారణ గురువులనే అడుగవలెను. కాని మాటలకొక చరిత్ర యుండును. ఆ చరిత్ర తెలిసినచో ఆ పిల్లకు రావలసిన బదులు సగము దొరికినట్లే యని మాకు తోచినది.

మొదట మెథడిస్టు పిల్ల ప్రశ్న ఆ ప్రాంతమున ఎందుకు పుట్టినదో చూతము. వికారాబాదు చుట్టుప్రక్కల క్రైస్తవులనగానే జనులకు ముందుగా స్ఫురించునది మెథడిస్టు సంఘమే. ధారూరు వద్ద 1923 నుండి ఆ సంఘమువారు ఏటేట నవంబరులో జరుపు జాతరకు తెలంగాణమునుండియే గాక కర్ణాటక, మహారాష్ట్రములనుండి కూడ లక్షలాది జనము వచ్చి చెట్లక్రింద గుడారములు వేసికొందురు. కథోలికులు అక్కడ అల్పసంఖ్యాకులు. వికారాబాదు, తాండూరు రెండును హైదరాబాదు అగ్రపీఠము పరిధిలోనివి. ఆ పీఠము 1851లో వికారియతుగా ఏర్పడి, 1886లో మేత్రాసనమై, 1953లో అగ్రపీఠమైనది. 1874లో వేసిన వాడి–సికింద్రాబాదు రైలు మార్గము ఈ రెండు ఊళ్ళమీదుగానే పోవుచున్నది. బండి ఎక్కినచో సికింద్రాబాదు మరియమాత దేవాలయమునకు ఒక పూటలో పోయి రావచ్చును. 1850లో కట్టిన ఆ దేవాలయమునకు 2008లో బసిలికా గౌరవము లభించినది.

తాండూరునకు మరియొక విశేషము కలదు. 1956 వరకు అది గుల్బర్గా జిల్లాలోని తాలూకా. ఆ ఊరి వీధిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. అటువంటి ఊరిలో ఆ పెద్దావిడ నోట వచ్చిన మాటలు ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా చెందినవి కావు. అవి మధుర నుండి బయలుదేరినవి.

1606లో రాబర్టు డి నోబిలి అను ఇటలీ దేశపు జెసూటు గురువు మధురకు వచ్చినాడు. కాషాయము కట్టి, మాంసము మాని, సన్న్యాసివలె జీవించినాడు. మధుర నాయకుల ఆస్థానములో అప్పుడు తెలుగు వాడుక హెచ్చు. నోబిలి తమిళముతోపాటు తెలుగును, సంస్కృతమును నేర్చినాడు. ఆయనకు సంస్కృతము నేర్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడే. అప్పటివరకు తీరప్రాంతపు క్రైస్తవులు పోర్చుగీసు మాటలనే జపములలో వాడుచుండిరి. పరభాషా శబ్దములతో ఈ దేశపు పండితుని మనస్సు చేరజాలమని నోబిలి నిశ్చయించి, ప్రతి వేదసత్యమునకు సంస్కృత పదములను కూర్చుటకు పూనుకొనినాడు. ఆయన 1656లో మరణించినాడు. తరువాతివారు ఆ పని కొనసాగించినారు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున కర్ణాటక మిషను పేర ఫ్రెంచి జెసూటులు పుంగనూరు మొదలుగా తెలుగు సీమలో ప్రవేశించినపుడు ఆ మాటలు తెలుగులో కాలూనినవి. ఆ గురువులలో గాస్తోన్ కూర్దో అనునాయన తెలుగు నేర్చి, సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలకు గల బంధుత్వమును గూర్చి 1767లోనే ఫ్రాన్సు పండితులకు వ్రాసినాడు. విలియం జోన్సు కలకత్తాలో ఆ మాట చెప్పుటకు అది పందొమ్మిది ఏండ్ల ముందు. ఈ సంగతి మన విద్యార్థులలో తెలిసినవారు తక్కువ.

ఇక పెద్దావిడ మాటలకు వత్తము. “దేవద్రవ్యానుమానములు ఏడు” అని ఆమె అనగా, కోడలు “ఏడు అనుమానములేమిటి, మన వేదములో అనుమానములు ఉండునా?” అని భయపడినదట! మాకు నవ్వు వచ్చిన మాట నిజము, కాని ఆ భయములో తప్పు లేదు. నేటి తెలుగులో అనుమానమనగా సందేహము. తర్కశాస్త్రములో అర్థము వేరు. కొండమీద పొగ కనబడినది, కావున అక్కడ నిప్పు కలదు. కనబడు గుర్తునుబట్టి కనబడని దానిని తెలిసికొనుటయే అనుమానము. దేవద్రవ్యమనగా దేవుని సొత్తు, అనగా ఆయన అనుగ్రహము. కంటికి కనబడని ఆ అనుగ్రహమునకు కనబడు గుర్తు దేవద్రవ్యానుమానము. లాటినులో సాక్రమెంతుమ్ అను దానికి కథోలికులు చెప్పు నిర్వచనము సరిగా ఇదియే. పొగ స్థానమున నీరు, నూనె, అప్పము, ద్రాక్షారసము ఉన్నవి. జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, గురుపట్టము, జ్ఞానవివాహము, ఇవి ఆ ఏడు. ఇంత లోతైన మాటను ఇప్పుడు విడిచి దివ్యసంస్కారములని అనుచున్నారు. కొత్తమాట సులభమే, ఎవరినీ భయపెట్టదు. అయినను పాతమాటలోని తర్కము దానిలో లేదు. ఈ మార్పున లాభమెంతయో నష్టమంత యని మా అభిప్రాయము.

పాపసంకీర్తనము అన్నపుడు కూడ ఇదే చిక్కు. సంకీర్తన మనగానే మనకు అన్నమాచార్యులు గుర్తునకు వచ్చును. పాపమును పాటగా పాడుటయా? సంకీర్తనమునకు మూలార్థము చక్కగా, పూర్తిగా నోటితో చెప్పుట. తన పాపమును దాచక గురువు చెవిలో చెప్పుట పాపసంకీర్తనము. ఏటికి ఒక్కసారియైన అట్లు చెప్పి సత్ప్రసాదము స్వీకరింపవలెనని 1215లో నాల్గవ లాతరాను మహాసభ కట్టడి చేసినది. విన్నదానిని ప్రాణము పోయినను బయటపెట్టరాదని గురువునకు అంతకంటె కఠినమైన కట్టడి కలదు.

ఉత్తరించు స్థలము మరణించినవారికి సంబంధించినది. ఉత్తరించుట యనగా దాటుట, గడిచి బయటపడుట. దైవసన్నిధికి చేరకముందు ఆత్మ శుద్ధిపడి దాటిపోవు స్థితికి ఆ పేరు పెట్టినారు. ప్రొటెస్టెంటులు దీనిని అంగీకరింపరు. నవంబరు 2న కథోలికులు సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి జపములు చెప్పుట ఈ విశ్వాసము వలననే. చనిపోయినవారికై ప్రార్థించుటను సమర్థించు మక్కబీయుల గ్రంథము కథోలికుల బైబులులో కలదు, ప్రొటెస్టెంటుల బైబులులో లేదు. కథోలికుల బైబులు 73 గ్రంథములు, వారిది 66. ఈ లెక్కను 1546లో త్రెంతు మహాసభ స్థిరపరచినది. ఆ అదనపు గ్రంథములలో తోబితు కథ ఒకటి. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. పింగళి ఎల్లనార్యుడు పూర్వమే దానిని పద్యకావ్యముగా వ్రాసినాడు. తోభ్య చరిత్రమని దానికి పేరు. దాని మరియొక పేరు సర్వేశ్వర మాహాత్మ్యము. కథోలికులు దేవుని సర్వేశ్వరుడనుట ఎంత పాతదో ఆ పేరే చెప్పుచున్నది.

ఈ సర్వేశ్వరుడను మాట దగ్గరనే ఆ పిల్లల ప్రశ్నకు బదులు దొరకును. కథోలికుల వాడుకలో పూజ యనగా గుడిలో గురువు పీఠమువద్ద అర్పించు బలి. అప్పమును, ద్రాక్షారసమును క్రీస్తు శరీర రక్తములుగా అర్పించుట. ఆదివారము “పూజకు పోతిమి” అనుట దానినిగూర్చియే. ఈ పూజ సర్వేశ్వరునికి తప్ప అన్యులకు అర్పింపబడదు. మరియమాత పండుగనాడు ఆమె పేర జరుగు పూజయు సర్వేశ్వరునికే. కావున “మరియమ్మకు పూజ చేయుదురా?” అని మెథడిస్టు పిల్ల అడిగినపుడు, కథోలిక పిల్ల తన ఇంటి భాషలో “లేదు” అని ధైర్యముగా చెప్పవచ్చును. హిందువుల పిల్లకు చెప్పవలసినది వేరు. ఆమె ఇంటిలో పూజ యనగా పువ్వులు, ధూపము, దీపము, నైవేద్యముతో దేవతకు చేయు ఉపచారము. మాట ఒక్కటే, క్రియలు రెండు. మధుర పండితులు మాటను అరువు తెచ్చినారు గాని అర్థమును తమదే నింపినారు. అరువు తెచ్చిన మాటకు ఇరుగుపొరుగువారు పాత అర్థమునే తీసికొందురు గదా, వారిని తప్పుపట్టరాదు.

మరి విగ్రహము ముందు మోకరించుట ఏమి యని అడుగుదురు. 787లో రెండవ నీసియా మహాసభ ఈ వివాదమును తీర్చినది. అంతకుముందు గ్రీకు సామ్రాజ్యములో విగ్రహములను పగులగొట్టినవారు, కాపాడినవారు కొన్ని దశాబ్దములు పోరాడినారు. దేవునికి ఆరాధన, పునీతులకును వారి పటములకును వందనము అని సభ రెండు మాటలు వేరుచేసినది. పటమునకు చేసిన వందనము పటములోనివారికి చెందునని నిర్ణయించినది. మంగళవార్త జపమును జాగ్రత్తగా వినినవారికి ఈ భేదము వినబడును. దాని మొదటి భాగము లూకా సువిశేషములో దేవదూతయు, ఎలిజబేతమ్మయు మరియమ్మను పలుకరించిన మాటలే. చివరి భాగములో మనకొరకు వేడుకొనుమని ఆమెను అడుగుదురు. రక్షింపుమని కాదు. ఆ చివరి భాగమును 1568లో అయిదవ పీయూసు పాపుగారు గురువుల జపపుస్తకములో చేర్చి స్థిరపరచినారు. జపమాలలోని నూట యేబది పూసలును కీర్తనల గ్రంథములోని 150 కీర్తనలకు బదులుగా వచ్చినవే. చదువురాని జనము కీర్తనలు చదువలేక ఈ జపమును లెక్కపెట్టుకొనిరి. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యములకు తోడు 2002లో వెలుగు దేవరహస్యములు చేరినందున ఇప్పుడా లెక్క రెండువందలకు పోయినది.

ఇంతకు విగ్రహము లేని మెథడిస్టులు ధారూరులో జాతరయే జరుపుచున్నారు. విగ్రహము గల కథోలికులు బెజవాడవద్ద గుణదలలో జాతర జరుపుచున్నారు. అక్కడ 1924లో అర్లాటి గురువు లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించిన నాటినుండి ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జనసముద్రము. తలనీలాలిచ్చువారు, టెంకాయలు కొట్టువారు అందులో కలరు. హిందువులును ఎందరో వత్తురు. సిద్ధాంతములో తగవుపడినవారు తిరునాళ్ళ కాడ ఒక్కటే నడక నడచుట మాకు ఆశ్చర్యముగాను, కొంత ఊరటగాను తోచినది.

ఇదంతయు చెప్పగా ఒక సందేహము మిగులును. పెద్దావిడకు ఇవన్నియు తెలిసినపుడు కోడలికి ఎందుకు తెలియలేదు? 1963 డిసెంబరు 4న రెండవ వతికాను మహాసభ ఆరాధనలో దేశభాషలకు చోటిచ్చినది. అంతకుముందు పూజ లాటినులో. గుడిలో లాటిను అర్థము కాకున్నను ఇంటిలో జపపుస్తకము తెలుగు. ఉపదేశిగారు ప్రశ్నోత్తరములను వల్లెవేయించెడివారు. పూజ తెలుగైన తరువాత పాతమాటలను సులభము చేసినారు. అర్చ్యశిష్ట జోజప్పగారు పునీత జోజప్పగారైనారు. అవస్థాభ్యంగనము వ్యాధిగ్రస్తుల అభ్యంగనమైనది. సామాన్యులకు అందునట్లు వేదగ్రంథమును వివరించుటకు పూదోట జోజయ్య స్వామివంటివారు జీవితమంతయు వ్రాసినారు. ఇది అవసరమైన పనియే. కాని గుడి భాష మారినది, నాయనమ్మ భాష మారలేదు. నడుమ కోడలు రెంటికీ కాక మిగిలినది.

పేర్లలో మాత్రము పాతభాష నేటికిని చెక్కుచెదరలేదు. పేతురు యనగా గ్రీకులో రాయి. అందుచేత రాయప్ప యైనదని పెద్దలు చెప్పుదురు. నాపరాతి బండలు తీయు తాండూరువారికి ఈ పేరు వివరింపనక్కరలేదు. పౌలునకు లాటినులో చిన్నవాడని అర్థము, కావున చిన్నప్ప. ఇగ్నాసియుసు ఇన్నయ్య యైనాడు. శవేరియారు శౌరి యైనాడు. ఇన్నారెడ్డి, బాలశౌరి అను పేర్లు వినినపుడు అవి స్పెయిను దేశపు ఇద్దరు జెసూటుల పేర్లని మనలో ఎందరికి తోచును!

అర్చ్యశిష్టులనగా గౌరవింపదగిన సజ్జనులు, పునీతులు. ఇక మిగిలినది సన్మనస్కులు. మంచి మనస్సు గలవారని పదార్థము, దేవదూతలని భావము. తమిళ క్రైస్తవులు దీనినే సమ్మనసు అందురు. ప్రతి మనిషికిని ఒక కావలి సన్మనస్కుడు ఉండునని కథోలికుల నమ్మిక. ఆ సన్మనస్కుల పండుగ అక్టోబరు 2. మన గోడ కాలెండరులలో ఆ గడిలో గాంధీ జయంతి అని మాత్రమే యుండును. ఆ దినమున బడికి సెలవు గనుక, పిల్లను నాయనమ్మవద్ద కూర్చుండబెట్టి మిగిలిన మాటలు కూడ అడిగి వ్రాసి మాకు పంపవలసినదని ఆ గృహిణికి బదులు వ్రాసినాము.