నౌకాయుద్ధ క్రీడల్లో కంప్యూటర్ ప్రత్యర్థి: ఎత్తుగడల పరిణామం (1942–1982)

పరిశోధన సారాంశం

నౌకాయుద్ధ క్రీడల్లో మనిషి నిర్వహించిన ప్రత్యర్థి పాత్ర కంప్యూటర్‌కు ఎలా సంక్రమించిందో, ఆ క్రమంలో ఎత్తుగడ స్వభావం ఎలా మారిందో ఈ వ్యాసం మూడు సందర్భాల ఆధారంగా పరిశీలిస్తుంది. కంప్యూటర్ ఎత్తుగడ యుద్ధాన్ని కాక ఆట నియమావళిని ప్రతిబింబిస్తుందన్నది ఇందలి ప్రతిపాదన.

కీలక పదాలు: నౌకాయుద్ధం, యుద్ధక్రీడ, కంప్యూటర్ ప్రత్యర్థి, ఎత్తుగడ, నియమావళి.

1. ఉపోద్ఘాతం

భూయుద్ధంలో కొండ, కోట, నది దళపతికి ఆధారాలు. నడిసముద్రంలో అటువంటి ఆసరా లేదు. శత్రువు ఎక్కడున్నాడో తెలియకపోవడమే అక్కడి ప్రధాన సమస్య. అందుచేత నౌకాయుద్ధ క్రీడలో ప్రత్యర్థికి రెండు పనులుంటాయి: కనబడకుండా ఉండడం, కనబడినప్పుడు ఎదుర్కోవడం.

2. మానవ ప్రత్యర్థి

1942లో బ్రిటిష్ నౌకాదళం లివర్‌పూల్‌లో వెస్టర్న్ అప్రోచెస్ టాక్టికల్ యూనిట్‌ను నెలకొల్పింది. కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నేతృత్వంలో మహిళా నౌకాదళ సభ్యులు గది నేలనే అట్లాంటిక్ సముద్రంగా భావించి ఆట నడిపారు. శిక్షణకు వచ్చిన అధికారులు తెరచాటు నుంచి కొంత భాగాన్నే చూడగలిగేవారు. జర్మన్ జలాంతర్గామి దారిని వారికి కనబడని రంగు సుద్దతో గీసేవారు. జలాంతర్గామి రాత్రివేళ నీటిపై తేలుతూ వాణిజ్య నౌకల వరుసల నడుమకే చొరబడుతుందన్న అవగాహన ఈ కృషిలోనే బలపడింది. శత్రు నాయకుడు ఎలా ఆలోచిస్తాడన్న ప్రశ్నే ఈ ఆటకు కేంద్రం.

3. యంత్రం చేతిలో గోప్యత

1980లో స్ట్రాటజిక్ సిమ్యులేషన్స్ సంస్థ 'కంప్యూటర్ బిస్మార్క్'ను విడుదల చేసింది. 1941 మే నెలలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను బ్రిటిష్ నౌకాదళం వెంటాడిన ఘట్టం దీనికి ఇతివృత్తం. ఒక్కరే ఆడినప్పుడు మనిషి బ్రిటిష్ పక్షాన్ని, కంప్యూటర్ జర్మన్ పక్షాన్ని నడుపుతాయి. అనేక నౌకలను సమన్వయించి గాలించే బాధ్యత మనిషిది. కొద్ది నౌకలతో తప్పించుకు తిరిగే పని యంత్రానిది. ఆనాటి చిన్న కంప్యూటర్ల శక్తికి ఈ రెండవ పాత్రే అనువైనదని ఊహించవచ్చు. లివర్‌పూల్‌లో తెర, సుద్ద నిర్వహించిన గోప్యత ఇక్కడ యంత్ర స్మృతికి చేరింది. ప్రత్యర్థీ న్యాయనిర్ణేతా ఒక్కరే కావడం ఈ దశలోని ముఖ్య పరిణామం.

4. నియమావళిని చదివిన యంత్రం

అమెరికాలో డగ్లస్ లెనాట్ రూపొందించిన 'యూరిస్కో' ప్రోగ్రాం 'ట్రావెలర్' క్రీడకు చెందిన 'ట్రిలియన్ క్రెడిట్ స్క్వాడ్రన్' పోటీకి దళాన్ని సమకూర్చింది. ఇందులోనివి అంతరిక్ష నౌకలే అయినా, దళ నిర్మాణం, పోరాట క్రమం నౌకాయుద్ధాన్ని అనుసరించినవే. వేగం, సొగసు విడిచి, దళసరి కవచంతో మందగమన నౌకలను పెద్దసంఖ్యలో నిలిపిన 96 నౌకల దళం 1981లో విజేత అయింది. మరుసటి ఏడు నియమాలు మార్చి దళ చురుకుదనానికి ప్రాధాన్యమిచ్చారు. దెబ్బతిని నెమ్మదించిన సొంత నౌకలను తానే నాశనం చేసి, మిగిలిన దళం చురుకుదనాన్ని నిలుపుకొనే మార్గాన్ని యూరిస్కో ఎంచుకుంది. 1982లోనూ అదే గెలిచింది.

ఈ విజయం యంత్రానిది మాత్రమే కాదు. యూరిస్కో ఫలితాలను లెనాట్ ఎప్పటికప్పుడు వడగట్టారు. ఘనతలో తన వాటా 60 శాతం, యూరిస్కోది 40 శాతమని, ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా గెలవలేకపోయేవారని ఆయనే అంచనా వేశారు.

5. ముగింపు

లివర్‌పూల్ ఆట శత్రువు మనసును వెదికింది. కంప్యూటర్ బిస్మార్క్ శత్రువును దాచింది. యూరిస్కోకు మాత్రం శత్రువుకన్నా నియమమే ముఖ్యమైంది. గాయపడిన నౌకను ముంచడానికి మానవ దళపతి సంకోచిస్తాడు. అందులో నావికులున్నారని అతనికి తెలుసు. ఆ ప్రాణాలకు నియమావళి విలువ కట్టనప్పుడు యంత్రానికి అది లెక్క మాత్రమే. దీనిని యంత్రం క్రూరత్వంగా కాక, నియమకర్త మౌనంగా గ్రహించాలి. కాబట్టి క్రీడా ఫలితాలను చారిత్రక సాక్ష్యంగా స్వీకరించే పరిశోధకులు, గెలుపోటముల కన్నా ముందు నియమావళిని, అందులో చెప్పకుండా వదిలిన విషయాలను పరిశీలించవలసి ఉంటుంది.