మందా, పొగాకా?

ఈ-సిగరెట్ ఆలోచన మనం అనుకునేదానికంటే పాతది. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే పెన్సిల్వేనియా వాసి 1963లోనే పొగాకూ పొగా లేని సిగరెట్‌కు పేటెంట్ కోరారు. 1965లో పేటెంట్ వచ్చింది గానీ సరుకు బజారుకెక్కలేదు.

మళ్లీ 40 ఏళ్లకు, 2003లో, చైనా ఫార్మసిస్ట్ హాన్ లిక్ దానికి ప్రాణం పోశారు. ఆయనకూ పొగతాగే అలవాటుంది; తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఇప్పుడు మనం చూసే పరికరాల్లో బ్యాటరీ ఒక తీగచుట్టను వేడెక్కిస్తుంది. నికోటిన్, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం ఆవిరవుతుంది. ఏదీ కాలదు కాబట్టి తారు ఉండదు. వ్యసనం పుట్టించే నికోటిన్ మాత్రం ఎక్కడికీ పోదు.

చట్టాలు తడబడింది ఇక్కడే. ఆకు లేదు గనుక పొగాకు అనలేరు. జబ్బు నయం చేస్తానని చెప్పదు గనుక మందు అనలేరు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని అనుమతి లేని మందుగా లెక్కగట్టి దిగుమతులు ఆపితే, కంపెనీలు కోర్టుకెక్కాయి. వైద్యం పేరు చెప్పి అమ్మనంత వరకు దీన్ని పొగాకు ఉత్పత్తిగానే చూడాలని 2010లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ ప్రకారం నిబంధనలు రావడానికి 2016 దాకా పట్టింది. ఈలోగా పళ్ల రుచులు, మిఠాయి రుచులు బడిపిల్లల దాకా వెళ్లాయి. అక్కడి హైస్కూలు విద్యార్థుల్లో వీటిని వాడేవారు 2011లో నూటికి ఒకరిద్దరు. 2015కల్లా 16 మంది. ఆ జాప్యాన్ని నేను క్షమించలేను.

మన దేశంలోనూ అదే చిక్కు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టానికి ఈ వస్తువే తెలియదు. అమ్మకాలు ఆపమని 2018 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. ఇది మందు కిందికి రాదని ప్రాథమికంగా అభిప్రాయపడి, 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నిషేధపు ఉత్తర్వులపై స్టే ఇచ్చింది. మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి పూర్తి నిషేధం కోరింది. సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చేశాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే: తొలిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచినా శిక్షే. పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు, ఈ-హుక్కా కూడా ఇందులోకే వస్తాయి. ఇది సరైన నిర్ణయమే.

అయితే ఆ చట్టం నిర్వచించింది వేడిచేసి ఆవిరి పుట్టించే పరికరాన్ని. పెదవి కింద దాచుకునే నికోటిన్ పౌచ్‌కు బ్యాటరీ లేదు, ఆవిరీ లేదు. ఈ నిర్వచనం దాన్ని తాకదు. చట్టాన్ని సవరించే రోజు వస్తే, నిర్వచనం నికోటిన్‌తోనే మొదలుకావాలి.