ఇంటి దూరదర్శిని దర్పణం: తొలగించే గాజు లెక్క – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

న్యూటన్ 1668లో నిర్మించిన పరావర్తన దూరదర్శినిలోనూ, తరువాతి శతాబ్దంలో విలియం హెర్షెల్ రూపొందించిన దూరదర్శినుల్లోనూ దర్పణం లోహంతో చేసినదే. 1857లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో వెండి పూత పూసిన గాజు దర్పణాన్ని ప్రవేశపెట్టాడు. 1920లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో రస్సెల్ పోర్టర్ యంత్ర కర్మాగారాల్లో పనిచేసేవారికి దర్పణ నిర్మాణం నేర్పడం ప్రారంభించాడు. ఖగోళ పరిశోధనాలయాలకే పరిమితమైన పని సామాన్యుడి ఇంటికి ఎలా చేరింది? తొలగించవలసిన గాజు ఘనపరిమాణాన్ని లెక్కిస్తే ఈ ప్రశ్నకు ఒక సమాధానం లభిస్తుంది.

2. ఆర్కిమెడీస్ సిద్ధాంతం – గాజు లెక్క

పరావలయజ ఖండం ఘనపరిమాణం, అదే భూమి, అదే ఎత్తు గల స్తూపంలో సరిగ్గా సగమని ఆర్కిమెడీస్ నిరూపించాడు. లోతు తక్కువైన గోళాకార గుంతకూ ఈ లెక్క దాదాపు సరిపోతుంది.

150 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. నాభ్యంతరం గల దర్పణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని వక్రతా వ్యాసార్ధం 2400 మి.మీ. అంచు వ్యాసార్ధ వర్గాన్ని వక్రతా వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే మధ్య లోతు 1.17 మి.మీ. వస్తుంది. కాబట్టి తొలగించవలసిన గాజు సుమారు 10.4 ఘన సెం.మీ.; సాంద్రత 2.5 అనుకుంటే 26 గ్రాములు. రెండు గాజు బిళ్లల మధ్య రాపిడి పొడి వేసి సాన పట్టినప్పుడు పై బిళ్ల గుంతగా, కింది బిళ్ల ఉబ్బుగా మారుతాయి. స్తూపంలో మిగిలిన సగం కింది బిళ్ల కోల్పోయేది కనుక, అదీ కనీసం 26 గ్రాములే. ఇంతవరకు కావలసింది ఓర్పు మాత్రమే.

3. గోళం నుంచి పరావలయజానికి

గోళాకారాన్ని పరావలయజంగా మార్చడం చివరి దశ. మధ్యలో రెండు ఉపరితలాలు కలిసి ఉన్నాయనుకుంటే, అంచు వద్ద వాటి తేడా 0.00029 మి.మీ. మాత్రమే. తొలగించవలసిన గాజు 1.7 ఘన మి.మీ., అంటే సుమారు 4 మిల్లీగ్రాములు. మొదటి దశలో తొలగించినదానిలో ఆరువేలవ వంతు. ఇక్కడి కష్టం గాజును తీయడంలో లేదు, ఎక్కడ తీయాలో గుర్తించడంలో ఉంది.

ఫూకో 1859లో వివరంగా ప్రకటించిన కత్తి అంచు పరీక్ష ఈ చిక్కును తీర్చింది. దీపాన్ని కదపకుండా వక్రతా కేంద్రం దగ్గర కత్తి అంచును జరుపుతూ దర్పణంపై నీడలను గమనిస్తారు. మన ఉదాహరణలో దర్పణం మధ్యభాగానికీ, అంచుకూ కత్తి స్థానాల్లో తేడా 2.3 మి.మీ. ఉండాలి. కంటికి అందని దోషం మామూలు కొలబద్దకు అందుతుంది.

4. ముగింపు

స్ప్రింగ్‌ఫీల్డ్ అభ్యాసకులకు కొలత వృత్తివిద్య. వారి కృషిని ఆల్బర్ట్ ఇంగాల్స్ 1925 నవంబరులో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో పరిచయం చేయడంతో ఈ అభిరుచి విస్తరించింది. దర్పణ నిర్మాణాన్ని ఇంటికి చేర్చింది 26 గ్రాముల శ్రమను తగ్గించే యంత్రం కాదు. 4 మిల్లీగ్రాముల లోపాన్ని చూపించిన పరీక్ష. సాంకేతిక చరిత్రలో తయారీ సాధనాలతో పాటు పరీక్షా సాధనాలకూ సమాన స్థానం ఇవ్వాలని ఈ లెక్క సూచిస్తున్నది.