అక్షరములు కూర్చినవారు

గ్రంథాలయమున బీరువా తలుపు తెఱచి పుస్తకమును చేతఁబట్టిన పాఠకుఁడు మొట్టమొదటఁ జూచునది కవి పేరు. ఆ పిమ్మట, తీఱిక యున్నచో, ముఖపత్రమునఁ గాని దాని వెనుకఁ గాని సన్నని యక్షరములతో నున్న ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును జూచును. ఈ రెండు పేరులును మర్యాదకొఱకు వేసినవి కావు. 1867వ సంవత్సరపు 25వ చట్టము ననుసరించి ప్రతి గ్రంథముపైనను ముద్రించినవాని పేరును, ముద్రించిన స్థలమును, ప్రకటించినవాని పేరును ఉండితీరవలసి యుండెను. ప్రభుత్వ మడిగిన పేరులు నిలిచినవి; అడుగని పేరులు నిలువలేదు. సీసపుటక్షరముల నేఱి కూర్చినవాఁడు, తప్పులు దిద్దిన పండితుఁడు, ఫారములు మడిచి కుట్టినవాఁడు, వీరి పేరు లెచటను గానరావు.

అయినను మన భాషయందు వీరికొక చిన్న స్మారకచిహ్నము లేకపోలేదు. పూర్వపు పుస్తకములపై "మొదటి కూర్పు", "రెండవ కూర్పు" అని యుండుట అందఱు నెఱిఁగినదే. కూర్పనఁగా కవి చేసిన రచన యనియు, పరిష్కర్త చేసిన సంకలన మనియు అర్థము చెప్పవచ్చును. కాని అచ్చుకూటములో ఆ మాటకు మఱింత నేరైన యర్థము గలదు. ప్రతు లన్నియు అమ్ముడుపోయిన పిదప గ్రంథమును మఱల ముద్రింపవలెనన్న, అక్షర మక్షరముగా మఱల కూర్పవలసినదే. కాఁబట్టి ఆ మాట సీసపుటక్షరములు కూర్చినవానికిని చెల్లును. తెలుఁగు గ్రంథముయొక్క చరిత్రను వ్రాయువారు కవులతోడనే యారంభించి కవులతోడనే ముగింతురు. నడుమ నున్న యీ జనుల దినచర్యయు, ఉత్సాహమును గూడ తెలిసికొనిన గాని ఆ చరిత్ర పూర్తి కాదు.

తాళపత్రముల కాలమున గ్రంథమునకు ప్రకాశకుఁ డనువాఁడు లేఁడు. కావలసినవాఁడు వ్రాసికొనెను, లేదా వ్రాయించుకొనెను. ఆకుమీఁద పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యమునకు పాదవిభాగము లేదు. లేఖకుఁడు తాఁ జూచినట్లు వ్రాసితినని గ్రంథాంతమున విన్నవించుకొని, తప్పుల భారమును మూలప్రతిమీఁదికిఁ ద్రోయుచుండెను. తెలుఁగక్షరములు అచ్చుపోసిన తొలిపనులలో నొకటి మన దేశమునఁ గాక, జర్మనీదేశపు హాలే నగరమున, షుల్జ్ అను మతబోధకునిచేత 1746 ప్రాంతమున జరిగినది. తరువాత శ్రీరామపురమున కేరీ దొర వ్యాకరణము 1814లోను, చెన్నపట్టణమున క్యాంబెల్ దొర వ్యాకరణము 1816లోను వెలువడినవి. ఇవి విదేశీయులు భాష నేర్చుకొనుటకై వేసినవి. తెలుఁగువారు చదువుకొనుటకై తెలుఁగు కావ్యమును శుద్ధపఱచి అచ్చువేయుట వేఱొక పని.

ఆ పనికి తొలుత పెద్ద యత్నము చేసినవాఁడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన ఉద్యోగము కచేరీలో, మనస్సు తాళపత్రములలో. కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను నియమించి, తన జీతమునుండియే వారికి వేతనములిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు అనేక ప్రతులు సంపాదించి, పాఠములను సరిపోల్చి వ్రాయించెను. 1829లో వేమన పద్యములును, 1852లో తెలుఁగు ఇంగ్లీషు నిఘంటువును ఆయన కృషివలన వెలువడినవి. జూలూరి అప్పయ్యశాస్త్రి ఆయన యొద్ద ప్రధానపండితులలో నొకఁడు. 1851లో బ్రౌను ప్రకటించిన మనుచరిత్రమునకు ఆ శాస్త్రి వ్యాఖ్యయే యాధారము. ఆ బంగళాలో నాఁడు జరిగిన పనియే తరువాతి గ్రంథప్రకాశకుల పనికి ఒరవడి యయ్యెను: వెదకుట, పోల్చుట, దిద్దుట, వ్యాఖ్యానించుట.

1835లో ముద్రణశాలలకు ముందనుమతి కావలెనను నిర్బంధము తొలఁగిన పిమ్మట దేశీయులు చెన్నపట్టణమున స్వయముగా అచ్చుకూటములు నెలకొల్ప మొదలిడిరి. నెల్లూరు మండలపు వావిళ్ళ గ్రామమునుండి వచ్చిన రామస్వామిశాస్త్రులు 1854లో హిందూభాషాసంజీవనీ ముద్రాక్షరశాలను స్థాపించెను. ఆది సరస్వతీనిలయము తరువాతిది. ఊరి పేరు ఇంటిపేరై, ఇంటిపేరు పుస్తకముల పేరై, "వావిళ్ళ ప్రతి" యనఁగా నమ్మఁదగిన ప్రతి యను ప్రతీతి తెలుఁగునాఁట వ్యాపించెను.

ఇఁక అచ్చుకూటములోని దినచర్యను జూతము. ఇంగ్లీషునకు ఇరువదియాఱక్షరములు, వాని పెద్దవి చిన్నవి, అంకెలు చాలును. తెలుఁగునకో, గుణింతములు, వత్తులు, సంయుక్తములు చేరి, వందలకొలఁది వేర్వేఱు అచ్చులు కావలెను. ఇవి గళ్ళు గల చెక్కపెట్టెలలో నుండును. వానిని కేసు లందురు. కంపోజిటరు వాని యెదుట నిలువఁబడి, ఎడమచేత ఇనుప పట్టెను బట్టి, కుడిచేత ఒక్కొక్క యక్షరము నేఱి పంక్తి పేర్చును. అక్షరములు అద్దములోని ప్రతిబింబమువలె తలక్రిందులుగా నుండును. ఆ వైపరీత్యమే వానికి సహజము. చూపు వ్రాఁతప్రతిమీఁద నుండఁగా చేయి తానై గడిని వెదకికొనును. ఏ గడిలో ఏ యక్షర మున్నదో వానికి బాల్యమున నేర్చిన యెక్కమువలె కంఠస్థము. సీసము, తగరము, అంటిమొనీ కలిసిన ఆ లోహపు నలుపు వ్రేళ్ళ కంటుకొని యుండును. ఆ చేతులతో కూర్చినవాఁడు మహాభారతమును పూర్తిగా చదివినవాఁడు కాకపోవచ్చును. కాని అందలి ప్రతి యక్షరమును చేతఁ బట్టినవాఁడు.

అక్షరములు పరిమితము. చిన్న అచ్చుకూటములో నొక ఫారమునకో రెండు ఫారములకో సరిపడు అక్షరములే యుండెడివి. ఎనిమిదియో పదునాఱో పుటలు కూర్చి, అచ్చొత్తి, వెంటనే యక్షరములను విడఁదీసి, కడిగి, ఎవరి గడిలోనికి వారిని జేర్చిన గాని తరువాతి పుటలు కూర్చుటకు వీలులేదు. ఈ విడఁదీయుపని కూర్చుపనియంత జాగ్రత్త గలది. ఒక ధకారము థకారపు గడిలోఁ బడెనా, మఱునాఁడు పుట్టఁబోవు తప్పునకు నేఁడే విత్తనము పడినట్లు.

కూర్చిన పుటనుండి పరిశీలనకై తీసిన తొలిముద్రను ప్రూఫందురు. అది పండితుని యొద్దకు వచ్చును. ఒకఁడు మూలము చదువుచుండఁగా ఒకఁడు ప్రూఫుమీఁద కన్నుంచి, అంచున గుర్తులు వేయును. అక్షరములు ఫారములో చిక్కుపడియుండఁగా అచ్చుకూటమంతయు పండితుని దిద్దుబాటు కొఱకు వేచియుండును. కాఁబట్టి దీపముముందు అర్ధరాత్రివఱకు ప్రూఫులు చూచుట ఆయనకు తప్పెడిది కాదు. పద్యమునకు ఛందస్సు కావలి. ఒక యక్షరము జాఱెనా గణము చెడును. ఒకటి మాఱెనా యతియో ప్రాసయో చెడును. పండితుని చెవి వెంటనే మేలుకొనును. వచనమున కట్టి కావలి లేదు. అందుచేత వచనగ్రంథముల చివర తప్పొప్పుల పట్టిక కొంత పెద్దదగుట వింత కాదు. ఆ పట్టికను జూచి నవ్వువారు గలరు. నిజమునకు అది పండితుని నిజాయితీకి సాక్ష్యము. పనియైపోయిన తరువాతఁగూడ గ్రంథమును మఱల చదివి, తన లోపమును తానే లెక్కకట్టి లోకమునకుఁ జూపినవాని పత్ర మది.

ప్రకాశకుని జమాఖర్చు కడు చిత్రమైనది. కాగితమునకు రొక్కము ముందే చెల్లింపవలెను. కంపోజిటరునకును, యంత్రము త్రిప్పువానికిని, కుట్టువానికిని కూలి ఎప్పటి కప్పుడీయవలెను. వ్యయము కొన్ని నెలలలో. ఆదాయము కొన్ని యేండ్లలో. ఇట్టి లెక్కను వర్తకుఁడు చూచినచో పుస్తకములు మాని ధాన్యము కొనును. అయినను పుస్తకములు వేసిన వారుండిరన్న, లెక్కకు మించిన యుత్సాహ మేదియో వారిని నడపినదని గ్రహింపవలెను.

కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో వివేకవర్ధని పత్రికను ఆరంభించినపుడు దానిని చెన్నపట్టణమున అచ్చువేయింపవలసి వచ్చెను. రాజమహేంద్రవరమునకు అప్పటికి రైలుమార్గము లేదు. వ్రాఁతప్రతి పోవుటకును, అచ్చైన ప్రతి వచ్చుటకును పట్టు జాప్యమును సహింపలేక, మిత్రుల సాయముతో తమ యూరనే ముద్రాక్షరశాలను నెలకొల్పెను. వ్రాయువాఁడే అచ్చువేయించువాఁడై, దిద్దువాఁడై, అప్పులు తీర్చువాఁడై యుండుట అప్పటినుండి మన సాహిత్యమున నొక పరిపాటి యయ్యెను.

1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. అది 1908లో చెన్నపట్టణమునకు మాఱెను. కథలు కావ్యములు మాత్రమే గాక చరిత్రములు, శాస్త్రములు తెలుఁగున చదువవలెనని వారి సంకల్పము. 1907లో గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రమును, 1910లో చిలుకూరి వీరభద్రరావు వ్రాసిన ఆంధ్రుల చరిత్రముయొక్క ప్రథమభాగమును ఈ మండలిపక్షమున వెలువడినవి. పేరు ముందు నమోదు చేసికొని గ్రంథమును తక్కువ వెలకుఁ గొను చందాదారులే మండలికి మూలధనము.

లక్ష్మణరావుగారి యుత్సాహము అంతటితోఁ దీరలేదు. ఆయన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొనెను. సర్వవిద్యల సారమును అకారాది క్రమమునఁ గూర్పవలెనని సంకల్పించి, వ్యాసములు వ్రాయుచు, వ్రాయించుచు, దిద్దుచు 1915 నాఁటికి మూఁడు సంపుటములు వెలువరించెను. మూఁడు సంపుటములును అకారము దాఁటలేదు! తరువాత పని సాగక, 1923లో ఆయన గతించెను. అంతట ఆ కార్యము నిలిచిపోవలసినదే. కాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దానిని చేపట్టెను. అమృతాంజనము అమ్మి గడించిన ధనమును పత్రికలకును పుస్తకములకును వెచ్చించిన యా దాత, 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కారముతో ప్రకటించెను. 1930 దశకమున విజ్ఞానసర్వస్వమును మఱల అచ్చునకెక్కించెను. 1938లో ఆయనయు గతించెను. ఒకని చేతినుండి జాఱిన పనిని మఱియొకఁ డందుకొనుటయే ఈ వృత్తియందలి సంతానక్రమము.

ఉత్సాహమునకు పరీక్షయు గలదు. 18వ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమునందలి కవయిత్రి ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. పూర్వపు ముద్రణమునఁ గొన్ని పద్యములు తొలఁగింపఁబడియుండఁగా, బెంగుళూరు నాగరత్నమ్మ ప్రతులు సంపాదించి, సమగ్రముగాఁ బరిష్కరింపఁగా, వావిళ్ళవారు 1910లో ప్రకటించిరి. అప్పటికి సంస్థ రామస్వామిశాస్త్రుల కుమారుఁడు వేంకటేశ్వరశాస్త్రుల చేతిలో నుండెను. 1911లో ప్రభుత్వమువారు అశ్లీలమని ప్రతులను స్వాధీనపఱచుకొనిరి. పండితుల యండతో శాస్త్రులుగారు వాదించిరి, వాదము నెగ్గలేదు. వేఱొకఁడైనచో నష్టము వ్రాసికొని మఱచిపోయెడివాఁడు. ఆయన మఱువలేదు. టంగుటూరి ప్రకాశముగారి చొరవవలన 1947లో నిషేధము తొలఁగెను. 1952లో వావిళ్ళవారు గ్రంథమును మఱల ముద్రించిరి. నాగరత్నమ్మ గతించినదియు ఆ సంవత్సరముననే. శృంగారమునందు ఇంత వర్ణన తగునా కాదా యని పండితులు భేదింపవచ్చును. కాని పూర్వకవి వ్రాసిన దానిని, పాఠకునకు చెప్పక, కోసివేయు నధికారము తమకు లేదని నమ్మిన ప్రకాశకుఁడు నలువదియొక్క సంవత్సరములు ఆ నమ్మకమును విడువక నిలిచెననుట నిర్వివాదము.

1914 ఏప్రిల్ 10వ తేదిని బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. అప్పటినుండి గ్రామగ్రామమున గ్రంథాలయము లేర్పడ, గ్రంథప్రకాశకులకు కొత్త యూపిరి వచ్చెను. కొనువాఁడు లేక ప్రకాశకుఁడు లేఁడు. ప్రకాశకుఁడు లేక గ్రంథాలయము వట్టి బీరువాల యిల్లు. ఈ రెండింటికిని గల సంబంధము చెఱువునకును ఆయకట్టునకును గల సంబంధమువంటిది.

నేఁడు సీసపుటక్షరములు లేవు. 20వ శతాబ్దము ముగియులోపలనే కంప్యూటరు వచ్చి కేసులను, ఇనుప పట్టెలను మూలకుఁ జేర్చినది. అక్షరములను ముద్దకట్టి కరఁగించి అమ్మిరి. వానితోఁబాటు ఆ చేతుల నేర్పును పోయినది. మిగిలినవి పాత పుస్తకములు మాత్రమే. వానిని తడి తగులకుండ, చెదలు పట్టకుండ కాచుట గ్రంథాలయముల పని. పాఠకుల పని యొకటి గలదు. పాత పుస్తకము చదువ నారంభించుటకు ముందు చివరి పుట త్రిప్పి, తప్పొప్పుల పట్టికను జూచి, దాని ననుసరించి చదువవలెను. ఎవరో పేరు తెలియని పండితుఁడు రాత్రివేళ దీపముముందుఁ గూర్చుండి చేసిన ఆ దిద్దుబాటు, పాఠకుఁడు చదివిననాఁడే పూర్తి యగును.