పేజీ అమరికలో బొమ్మల పారదర్శకత

బొమ్మలోని ఖాళీ భాగాల గుండా వెనుకనున్న రంగు గాని, వ్రాత గాని కనిపించే గుణాన్ని పారదర్శకత అంటారు. బొమ్మను పేజీ అమరిక సాఫ్టువేరులోకి తెచ్చినప్పుడు ఈ గుణం పోతే, బొమ్మ చుట్టూ తెల్లని పెట్టె ఏర్పడుతుంది. తెరపై గమనించకపోతే ఇది అచ్చయిన తరువాతనే బయటపడుతుంది. అప్పటికి కాగితము, సిరా, కూలి వృథా అవుతాయి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. కారం ప్యాకెట్లు, పత్తి విత్తనాల సంచులు, కరపత్రాలపై ఈ పంటల బొమ్మలు తరచు కనిపిస్తాయి. పారదర్శకతలోని రెండు ముఖ్య పద్ధతులను వివరించడానికి ఈ రెండు పంటలే చక్కని ఉదాహరణలు.

రెండు పద్ధతులు

మిరపకాయ అంచు నునుపుగా, స్పష్టంగా ఉంటుంది. దాని చుట్టూ ఒక గీత గీసి, గీత బయటి భాగాన్ని కనబడకుండా చేస్తే చాలు. ఈ గీతను క్లిప్పింగ్ పాత్ అంటారు. ఇందులో ప్రతి బిందువు ఉంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు, మధ్యస్థితి లేదు.

పగిలిన పత్తికాయ అంచు అటువంటిది కాదు. సన్నని పోగుల మధ్య నుండి వెనుక రంగు కొద్దికొద్దిగా కనిపించాలి. గీత గీసి కత్తిరిస్తే పత్తి సున్నపురాయి వలె కనిపిస్తుంది. దీనికి ఆల్ఫా ఛానెల్ అవసరము. ఎనిమిది బిట్ల ఆల్ఫా ఛానెల్‌లో ప్రతి బిందువుకు 0 నుండి 255 వరకు విలువ ఉంటుంది. 0 అనగా పూర్తి పారదర్శకము, 255 అనగా పూర్తి అపారదర్శకము. 1970వ దశకం చివరలో ఎడ్ కాట్‌ముల్, ఆల్వీ రే స్మిత్ ఈ భావనను రూపొందించారు.

ఫైలు రకాలు

- జేపెగ్: పారదర్శకత ఉండదు. ఈ రకంగా భద్రపరిస్తే ఖాళీ భాగం ఏదో ఒక రంగుతో నిండిపోతుంది.
- జిఫ్: 1989 నాటి రూపంలో ఒక్క రంగును మాత్రమే పారదర్శకంగా ఉంచవచ్చు. మొత్తం రంగులు 256కు మించవు.
- పీఎన్‌జీ: 1996లో వెలువడింది. ఆల్ఫా ఛానెల్ ఉంటుంది, కాని అచ్చుకు వాడే నాలుగు సిరాల సీఎంవైకే రంగులు ఉండవు.
- టిఫ్, పీఎస్‌డీ: ఆల్ఫా ఛానెల్, సీఎంవైకే రెండూ ఉంటాయి.
- ఈపీఎస్: క్లిప్పింగ్ పాత్‌ను నిలుపుతుంది.

సాఫ్టువేర్లు

తెలుగు డీటీపీలో అను ఫాంట్లతో పాటు పేజ్‌మేకర్ విస్తారంగా వాడుకలోకి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి కూర్పు. అది ఆధారపడిన పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో పాక్షిక పారదర్శకత లేదు. అందువలన పేజ్‌మేకర్‌లో మిరపకాయను క్లిప్పింగ్ పాత్ గల ఈపీఎస్‌గా తెచ్చుకోవచ్చును. పత్తి బొమ్మనైతే ఫోటోషాప్‌లోనే వెనుక రంగుతో కలిపి ఒకే బొమ్మగా చేసి తెచ్చుకోవాలి. పోస్ట్‌స్క్రిప్ట్ తెలియని ప్రింటరులో ఈపీఎస్‌కు బదులు తక్కువ నాణ్యత గల నమూనా బొమ్మ అచ్చవుతుంది. కనుక అటువంటి ప్రింటరు నుండి తీసిన ప్రతిని చూసి నిర్ణయించరాదు.

2002లో వచ్చిన ఇన్‌డిజైన్ 2.0 పారదర్శకతను నేరుగా స్వీకరించింది. పీఎస్‌డీ ఫైలులో వెనుక పొరను తీసివేసి, ప్లేస్ ఆదేశముతో తెచ్చుకుంటే పత్తి పోగులు యథాతథంగా నిలుస్తాయి. క్లిప్‌బోర్డు ద్వారా అతికిస్తే పారదర్శకత పోవచ్చును. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 నుండి యూనికోడ్ తెలుగుకు కూడా మద్దతు లభించింది.

అచ్చుకు పంపునపుడు

పీడీఎఫ్ 1.3 లో పారదర్శకత ఉండదు. 2001 నాటి పీడీఎఫ్ 1.4 నుండి ఉంది. అలాగే పీడీఎఫ్/ఎక్స్-1ఏ ప్రమాణము పారదర్శకతను అనుమతించదు, పీడీఎఫ్/ఎక్స్-4 అనుమతిస్తుంది. పాత ప్రమాణములో పంపవలసి వస్తే సాఫ్టువేరు పొరలన్నిటినీ కలిపి చదును చేస్తుంది. అప్పుడు బొమ్మ క్రింద ఉన్న అక్షరాలు మందంగా మారే ప్రమాదం ఉంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు సన్నని గీతలు కనుక ఈ తేడా త్వరగా తెలుస్తుంది. అక్షరాలను ఎల్లప్పుడూ బొమ్మల పై పొరలో ఉంచడం దీనికి పరిష్కారము.

తెల్లని నేపథ్యం నుండి కత్తిరించిన మిరపకాయను ముదురు రంగుపై పెట్టినప్పుడు సన్నని తెల్ల అంచు మిగలవచ్చును. గీతను ఒకటి రెండు బిందువులు లోపలికి జరిపితే అది పోతుంది. తెరపై మెరిసే ఎరుపు సీఎంవైకేలో కొంత మందగిస్తుంది కనుక, రంగు మార్పిడిని కూడా అమరికకు ముందే చేసి చూసుకోవలెను.