పిండశాల నుంచి కొలువుకూటానికి

కృత్రిమంగా రూపొందించిన మనుషులనూ సింహాసనం చుట్టూ సాగే కుట్రలనూ ఒకే కథలో పెనవేసిన నవలలు ఇటీవలి దశాబ్దాలలో ఇంగ్లిషులో యువపాఠకుల కోసం విరివిగా వెలువడ్డాయి. రానున్న కాలంలో సమాజం ఎంత దుర్భరంగా మారగలదో ఊహించి చూపే ఇటువంటి రచనలను డిస్టోపియా సాహిత్యమంటారు. ప్రయోగశాల ఆధునికమైనది, రాజసభ ప్రాచీనమైనది కనుక ఈ కలయిక కేవలం ఆకర్షణ కోసం వేసిన అతుకని కొందరికి తోచవచ్చు; అయితే ఎవరికి ఎవరు పుట్టాలో ముందే నిర్ణయించాలన్న పట్టుదల ప్రయోగశాలలకు ఎంతో ముందే రాజవంశాలలో ఉన్నది.

స్పెయిన్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం ఇందుకు తగిన నిదర్శనం. రాజ్యం పరుల పాలు కాకూడదని తరతరాలుగా తమలో తామే వియ్యమందిన ఆ వంశంలో, నాలుగవ ఫిలిప్ 1649లో తన తోడబుట్టిన చెల్లెలి కూతురు మరియానాను వివాహమాడాడు. తెలుగు వాడుకలో అది మేనమామ సంబంధమే. వారికి 1661లో జన్మించిన రెండవ చార్లెస్ ఆజన్మాంతం అనారోగ్యంతో బాధపడి 1700లో నిస్సంతుగా మరణించగా, ఆ వారసత్వం కోసం యూరప్ రాజ్యాలు 1701 నుంచి 1714 వరకు పోరాడాయి. రక్తశుద్ధికై చేసిన ఏర్పాటే వంశాన్ని అంతం చేసిందన్నమాట.

వంశాల పట్టింపును జాతులకు, దేశాలకు విస్తరింపజేసిన సిద్ధాంతం సుప్రజననశాస్త్రం. మెరుగైన లక్షణాలు గలవారి సంతతిని పెంచి, తక్కినవారి సంతతిని తగ్గించాలనే ఈ భావనకు 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ యూజెనిక్స్ అని పేరు పెట్టగా, అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లోనే నిర్బంధ వంధ్యీకరణకు చట్టం చేసింది.

ఈ వాతావరణంలోనే, 1923 ఫిబ్రవరిలో, జె. బి. ఎస్. హాల్డేన్ అనే యువ శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలోని ఒక సంఘంలో చదివి, అనంతరం ‘డెడలస్’ పేరిట ప్రచురించిన ప్రసంగం సాహిత్యానికి కొత్త వస్తువును అందించింది. తల్లి గర్భంతో పనిలేకుండా పిండాన్ని బయట పెంచే పద్ధతి సాధ్యమవుతుందని, అలాంటి తొలి శిశువు 1951లో పుడుతుందని, 1968 నాటికి ఫ్రాన్సులో ఏటా 60,000 మంది ఆ విధంగా పుడుతుంటారని, భవిష్యత్తులోని ఒక విద్యార్థి రాసిన వ్యాసం రూపంలో ఆయన చమత్కారంగా ఊహించాడు. మరుసటి ఏడు ‘ఇకరస్’ అనే చిన్న పుస్తకంతో బదులిచ్చిన బెర్ట్రండ్ రస్సెల్, విజ్ఞానం ప్రజల సుఖానికి కాక అధికారంలో ఉన్నవారి బలానికే తోడ్పడుతుందేమోనని శంకించాడు. పిండశాల సాధ్యమా అన్న ప్రశ్నకన్నా దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్నే ఆ తరువాతి నవలాకారులకు ముఖ్యమైంది కనుక, ఈ సాహిత్యశాఖకు రస్సెల్ చేసిన మేలు హాల్డేన్ చేసినదానికి తీసిపోదు.

హాల్డేన్‌ను ఎరిగిన ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో ఈ రెండు ఆలోచనలూ కలిశాయి. అక్కడ ఒకే అండం నుంచి 96 మంది వరకు కవలలను తయారుచేస్తారు. కింది తరగతుల పిండాలకు ప్రాణవాయువు తగ్గించి, ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు అంతస్తులను సీసాలలోనే స్థిరపరుస్తారు. అన్నిటికన్నా అర్థవంతమైనది ఇందులో ప్రస్తావనగా వచ్చే సైప్రస్ ప్రయోగం: 22,000 మంది ఆల్ఫాలను మాత్రమే ఒక ద్వీపంలో ఉంచగా, ఉన్నత పదవులకై కుట్రలు, వాటిని కాపాడుకొనేందుకు ఎదురు కుట్రలు ముదిరి, ఆరేళ్లలోపే అంతర్యుద్ధం వచ్చి, మిగిలినవారు తమను మళ్లీ పాలించమని పైవారినే వేడుకొంటారు. పుట్టుకతోనే అధికులుగా తయారైనవారు ఒకచోట చేరితే అది రాజసభే అవుతుందన్న సూత్రానికి బీజం ఇక్కడే ఉన్నది.

  

రాజసభను నేపథ్యం నుంచి రంగస్థలం మీదికి తెచ్చినది 1965లో వెలువడిన ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘డ్యూన్’. ఇందులో పిండశాలలతో పనిలేదు. బెనె జెసెరిట్ అనే స్త్రీల సంఘం చక్రవర్తి దర్బారులోను, సామంత వంశాలలోను తమవారిని భార్యలుగా, ఉపపత్నులుగా ప్రవేశపెట్టి, అతీతశక్తులు గల ఒక పురుషుని కోసం తరతరాలుగా సంబంధాలు కలుపుతూ వస్తుంది. సంఘం ఆజ్ఞ ప్రకారం కూతురినే కనవలసిన జెస్సికా అనే సభ్యురాలు ప్రేమకు లొంగి కొడుకును కనడంతో ఆ లెక్కంతా తలకిందులవుతుంది. హాబ్స్‌బర్గుల పద్ధతిని నక్షత్రలోకాలకు ఎత్తినట్టున్న ఈ నిర్మాణమే తరువాతివారికి ఒరవడి అయింది.

2014లో వచ్చిన పియర్స్ బ్రౌన్ ‘రెడ్ రైజింగ్’లో మనుషులను వర్ణాలుగా విభజించి, స్వర్ణవర్ణులకు పాలనను, అరుణవర్ణులకు అంగారకుడి గనులను కేటాయిస్తారు. 2015 నాటి విక్టోరియా అవెయార్డ్ ‘రెడ్ క్వీన్’లో వెండిరంగు రక్తం గలవారే ప్రభువులు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడాన్ని ఈ నవలలు తీవ్రంగా నిరసిస్తాయి. అయినా మొదటిదానిలో కథానాయకుడు శస్త్రచికిత్సతో స్వర్ణవర్ణుడిగా మారాకే పాలకుల మధ్య అడుగుపెట్టగలుగుతాడు, రెండవదానిలో ఎర్రరక్తపు నాయిక ప్రభువులకు మాత్రమే ఉండవలసిన శక్తితో జన్మించడం వల్లనే అంతఃపురం చేరుతుంది. ఏ ప్రత్యేకతా లేని దేహంతో ఆ కొలువులోకి వచ్చిన నాయకుణ్ణి కేంద్రంలో నిలపడానికి ఈ రెండు కథలూ సాహసించలేదు.