విద్యుత్ మాండలిన్

విద్యుత్ మాండలిన్ లేదా ఎలక్ట్రిక్ మాండలిన్ తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి ఆంప్లిఫయర్ ద్వారా వినిపించే తంత్రీ వాద్యము. నిర్మాణంలో ఇది ఎలక్ట్రిక్ గిటారును పోలి ఉంటుంది. కర్ణాటక సంగీతంలో దీనికి స్థానం కల్పించినవాడు పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969 - 2014). పాలకొల్లుకు, కోనసీమలోని రాజోలు ప్రాంతానికి మధ్య వశిష్ఠ గోదావరి ప్రవహిస్తున్నది. చించినాడ వంతెన ఈ రెంటినీ కలుపుతుంది.

== చరిత్ర ==
మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. దీనికి సాధారణంగా 4 జతలుగా 8 తీగలు ఉంటాయి. మీటిన నాదం త్వరగా అణగిపోవడం వలన గమకాలు పలికించడం కష్టం. శ్రీనివాస్ బాల్యంలోనే తన తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ను చేపట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపించగా శిష్యుడు దానిని వాద్యంపై పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ జరిగింది. తరువాత శ్రీనివాస్ 5 ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను వాడాడు. 1998లో పద్మశ్రీ పురస్కారం పొందాడు.

== పనిచేసే విధానము ==
తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతము, దానిచుట్టూ వేల చుట్లుగా చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి ఆధారం.

== సంరక్షణ ==
మార్కెట్టులో దొరికే మాండలిన్‌లు ఎక్కువగా 8 తీగలవి. 5 తీగల వాద్యాన్ని సాధారణంగా ప్రత్యేకంగా చేయించుకోవలసి ఉంటుంది. కనుక పాడైన భాగానికి సరిపడే మరొకటి దొరకడం కష్టం. సముద్రపు ఉప్పుగాలి, నదీతీరపు చెమ్మ గల కోనసీమ వంటి ప్రాంతాలలో మరింత జాగ్రత్త అవసరము.

* తీగలు: వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో చెమట తుడవాలి. తుప్పు పట్టిన తీగ మెట్లను అరగదీస్తుంది. తీగలను ఒకదాని తరువాత ఒకటిగా మార్చితే దండిపై బిగువు ఒక్కసారిగా తగ్గదు.
* మెట్లు: గమకాల వలన మెట్లపై గుంటలు పడతాయి. ఆకురాయితో సమం చేసిన ప్రతిసారీ లోహం తరుగుతుంది. కాబట్టి అవసరమైనపుడే, నిపుణునిచేత చేయించాలి.
* దండి: చెమ్మకు కర్ర వంగి తీగలు మెట్లకు ఎత్తుగా లేస్తాయి. లోపల ఇనుప కడ్డీ ఉన్న వాద్యాలలో దానిని కొద్దికొద్దిగా తిప్పి సరిచేస్తారు.
* పికప్: దీనిని విప్పరాదు. చుట్ట తెగితే తిరిగి చుట్టవచ్చును గాని, పూర్వపు నాదం రాకపోవచ్చును.
* గరగర శబ్దం: ఇది తరచుగా వాల్యూం మీటలో చేరిన దుమ్ము వలన వస్తుంది. మార్చడానికి ముందు శుభ్రపరచి చూడాలి.
* పెట్టె: సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అవి చెమ్మ పీల్చుకొన్న తరువాత మార్చాలి. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని వదలరాదు.

తీసివేసిన పాత భాగాలను పారవేయక, మార్చిన తేదీతో భద్రపరచడం మంచిది. అవి తరువాతి మరమ్మతుకు కొలతగా ఉపయోగపడతాయి. ఏళ్ల తరబడి మూసి ఉంచడం కూడా వాద్యానికి హానికరమే. తరచుగా వాయిస్తూ ఉంటే లోపాలు చిన్నవిగా ఉండగానే తెలుస్తాయి.

== ఇవి కూడా చూడండి ==
* వీణ
* గిటారు
* గమకము